గోడ మీద బల్లి

ఇంకో తార జీవితం ‘ఉన్నదున్నట్టుగా’ వచ్చేస్తోందట. మేకప్పు లేదు, స్క్రిప్టు అసలే లేదు, కెమెరా గోడ మీద ఈగలా ఓ మూల పడి ఉంది అంటూ ఊదరగొడుతున్నారు. మన ఇళ్ళల్లో గోడ మీద ఉండేది బల్లి. మాట మధ్యలో అది పలికితే ‘అదిగో, సత్యం’ అనుకుంటాం. ఓటీటీ వాళ్ళ బల్లి మాత్రం పలకమన్న చోట, నేపథ్య సంగీతంతో సహా పలుకుతుంది.

ఈ సత్యాన్ని పరీక్షించడానికి ఒక్క తలుపు చాలు. హీరోగారు అలసిపోయి ఇంటికొచ్చి తలుపు తీస్తారు. ఆ తీయడం మనకు లోపలి నుంచి కనిపిస్తుంది. అంటే కెమెరా ఆయనకన్నా ముందే ఇంట్లో దూరి, లైటు సరిచూసుకుని, ‘రండి సార్’ అన్నాకే ఆయన అలసిపోయారన్నమాట. భార్య ఉలిక్కిపడుతుంది, ఆవిడ కొంగుకు మైకు అప్పటికే తగిలించి ఉంది. ఫోను మోగుతుంది, అవతలివాళ్ళు ‘హలో’ అనడమూ కనిపిస్తుంది, అక్కడా ఒక యూనిట్ కాచుకుని కూర్చుంది కాబట్టి. దీనికి భిన్నంగా, 1960లో రాబర్ట్ డ్రూ బృందం ‘ప్రైమరీ’ డాక్యుమెంటరీ తీసినప్పుడు, విస్కాన్సిన్ సభలో జనాన్ని చీల్చుకుంటూ వెళ్తున్న కెనడీ వెనకాలే ఆల్బర్ట్ మేజిల్స్ కెమెరా పైకెత్తి పట్టుకుని నడిచాడు. మనకు దక్కేది కెనడీ తల వెనక భాగం. ముందేం జరుగుతుందో కెమెరాకూ తెలియదు, అందుకే వెనకబడింది.

ఫుట్‌బాల్ తార డేవిడ్ బెక్‌హామ్ మీద 2023లో వచ్చిన ‘బెక్‌హామ్’ సిరీస్‌లోనూ ఒక తలుపుంది. తమది కష్టజీవుల కుటుంబమని ఆయన భార్య విక్టోరియా చెబుతుంటే డేవిడ్ తలుపు సందులోంచి తల పెట్టి, నిజం చెప్పమని వెంటపడి, ఆవిడ నాన్నకు రోల్స్ రాయిస్ ఉండేదని ఒప్పిస్తాడు. లోకం మురిసిపోయింది. ఆ సిరీస్ నిర్మాతల్లో స్టూడియో 99 ఒకటి. అది డేవిడ్‌ గారి సొంత సంస్థే. నిజం చెప్పమని గద్దించింది సాక్షాత్తూ నిజం యజమాని!

ఎవరు తీసినా ఎంపిక తప్పదు కదా అంటారు. తప్పదు. 1973లో అమెరికాలో ప్రసారమైన ‘యాన్ అమెరికన్ ఫ్యామిలీ’కి దాదాపు 300 గంటలు తీసి 12 గంటలు చూపించారు. ఫ్రెడరిక్ వైజ్‌మన్ ‘టిటికట్ ఫాలీస్’ (1967)లో, ముక్కులో గొట్టం వేసి బలవంతంగా తినిపిస్తున్న ఖైదీ దృశ్యాల నడుమ అదే మనిషి శవాన్ని ముస్తాబు చేసే ముక్కలు అతికించాడు. కాలం అలా నడవదు, కత్తెర నడిపించింది. వైజ్‌మన్ దాన్ని దాచనూ లేదు. తన సినిమాలు వాస్తవంతో అల్లిన కల్పనలేనన్నాడు. కత్తెర పట్టినవాడు చేతులు వెనక్కి పెట్టుకుని ‘నేనేం చేయలేదు, అలాగే జరిగింది’ అన్నప్పుడే ఒళ్ళు మండుతుంది. కొన్నాళ్ళకు మనుషులు కెమెరాను మరిచిపోతారని ఇంకో వాదన. మరిచిపోనివ్వండి, ఎడిటింగ్ గదిలో ఎవరూ ఏదీ మరిచిపోరు.

పైగా మరిచిపోయే భాగ్యం అందరికీ ఒకేలా లేదు. తన కథకు తనే నిర్మాతైన తార, నచ్చని సీను తీయించేయగలదు. ‘టిటికట్ ఫాలీస్’ తీసిన మసాచుసెట్స్ బ్రిడ్జ్‌వాటర్‌లో బట్టల్లేకుండా కెమెరా ముందు నిలబడ్డ మానసిక రోగుల్లో తాము దేనికి ఒప్పుకున్నారో ఎందరికి అర్థమైంది? ఆ సినిమా ఒక ఘోరాన్ని బయటపెట్టింది, కాదనను. అయినా ఉన్నవాడి దగ్గర అనుమతి, లేనివాడి దగ్గర ‘సహజత్వం’ తీసుకుని రెంటికీ సత్యమని ఒకే ముద్ర వేయడం పచ్చి మోసం.

1961లో జాఁ రూష్, ఎడ్గార్ మొరాఁ ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’ తీసి, అందులోని మనుషులకే ఆ దృశ్యాలు వేసి చూపించారు. కొందరు నటనలా ఉందన్నారు, కొందరు సిగ్గుమాలినతనమన్నారు. ఆ తిట్లనూ సినిమాలోనే ఉంచారు. మన ఓటీటీ సత్యసంధులను అంత అడగను. హీరోగారు తలుపు తీసే షాటుకు ముందు, కెమెరామన్ అదే తలుపు తీసుకుని లోపలికెళ్ళిన షాటు కూడా వేయండి చాలు. తాళంచెవి ఎవరిచ్చారో చూస్తాం.