ఏడో ‘అబ్బీ రోడ్’

బీటిల్స్ వీరాభిమానికి ‘అబ్బీ రోడ్’ సీడీ ఒక్కటి ఉంటే ఆనదు. 1983లో జపాన్‌లో తోషిబా-ఈఎంఐ వేసింది కావాలి. అసలు అనుమతే లేదని దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇంకేం, ధర కొండెక్కి కూర్చుంది! ఆపైన 1987 నాటి అధికారిక సీడీ, 2009 రీమాస్టర్, 2019 రీమిక్స్... అర నిండా అట్టల మీద అదే నలుగురు, అదే జీబ్రా క్రాసింగు, చెప్పుల్లేని అదే పాల్ మెకార్ట్నీ.

ఇక పరీక్ష. సీడీ తిరగేసి, భూతద్దం పెట్టి, ఏ ఫ్యాక్టరీ అచ్చో తేల్చుకోవడానికి లోపలి వలయం మీది అంకెలు చదవాలి, పెళ్లికి ముందు జాతకం చూసినట్టు. పాట వినడం తర్వాత, తీరిక దొరికితే. ‘‘ఇందులో బేస్ గిటారు ఎంత గుండ్రంగా మోగుతోందో!’’ అంటాడాయన. మాస్టరింగ్ వేరైతే తేడా నిజమే, కాదనం. కానీ ఒకే డిజిటల్ మాస్టర్‌ను రెండు ఫ్యాక్టరీలు అచ్చేస్తే? సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు. అక్కడా ఇక్కడా అవే అంకెలు. ఆ మాట అన్నారో, మీ చెవులు డాక్టరుకు చూపించుకోమంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

చెవులంటే గుర్తొచ్చింది. ఇన్నేసి కొనే స్తోమత చాలామందికి యాభై దాటాక వస్తుంది. సన్నని పైస్థాయి శబ్దాలు చెవికి ఆనకుండా పోయేదీ ఆ వయసులోనే!

ఏడో సీడీ పోస్టులో వస్తోందట. ఇంట్లో ఇంకా చెప్పలేదు.