పానకాలస్వామి లెక్కయే నయము

వివాహములకును గృహప్రవేశములకును ముహూర్తములు నిర్ణయించు పంచాంగకర్తలు మనకు కొల్లలుగా నున్నారు గాని, ఆసుపత్రులకు ముహూర్తము పెట్టు అధికారము మాత్రము కేంద్ర ఎన్నికల సంఘమునకే దక్కినది. ఈ రహస్యము తెలియనివారు మంగళగిరికి దయచేసి, అచటి ఎయిమ్స్ చరిత్రమును తేదీలతో సహా పారాయణము చేయవలెను. 2015 డిసెంబరులో శంకుస్థాపనము జరిగిన యీ సంస్థ 2019 మార్చిలో, అనగా పోలింగునకు ముందటి నెలలో, ఓ.పి. తలుపులు తెరచెను, పిదప 2024 ఫిబ్రవరి 25న ప్రధానమంత్రి రాజ్‌కోట్‌లో నుండియే దీనిని జాతికి అంకితము గావించెను, అటుపై సరిగా ఇరువది దినములకు ఎన్నికల ప్రకటన వెలువడెను. 1,618 కోట్ల రూపాయల వ్యయమును, 960 పడకలును గల యింత పెద్ద ఆసుపత్రి మా యూరి కొండదాపున వెలసినందులకు నేను మిక్కిలి సంతసించువాడనే. ఎన్నికలు ఐదేండ్లకు బదులు రెండేండ్లకే వచ్చుచుండినచో మంగళగిరికి ఈపాటికి మూడు ఎయిమ్స్‌లు లభించియుండెడివి గదా యని మాత్రమే నా చింత.

ఆరోగ్యశ్రీ కథయు ఇట్టిదే. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో పుట్టి, 2008 జూలై నాటికి రాష్ట్రమంతటను వ్యాపించి, 2009 ఎన్నికల వేళకు ఊరూర వాడవాడల పేరు మ్రోగిన పథకమది. పుట్టిన తేదీని చూచి పరిహసించువారు పరిహసింతురు గాక. తెల్లకార్డు తప్ప మరేమియు లేని కూలివాడు తన గుండెకు కార్పొరేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకొని నడచి యింటికి వచ్చుట పరిహాసము కాదు. అంతటి మేలు చేసిన పథకమునకు ఏ రోగమును లేకపోయినను నామకరణ రోగము మాత్రము పట్టుకొన్నది. 2014 తరువాత అది ఎన్.టి.ఆర్. వైద్యసేవ, 2019 తరువాత వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ, 2024 తరువాత మరల ఎన్.టి.ఆర్. వైద్యసేవ. విజయవాడలో 1986లో స్థాపితమైన ఆరోగ్య విశ్వవిద్యాలయమునకును ఈ అంటువ్యాధి సోకి, 2022లో ఒక పేరు పోయి మరియొక పేరు వచ్చెను, 2024లో వచ్చినది పోయి పోయినది వచ్చెను. 2021లో చేరిన వైద్యవిద్యార్థి కళాశాల గడప దాటకయే విశ్వవిద్యాలయమును రెండు మారులు మార్చిన ఘనుడు!

నెట్‌వర్క్ ఆసుపత్రులలో పథకపు సహాయకుడగు ఆరోగ్యమిత్ర కూర్చుండు బల్లయొద్ద నొక్క ఘడియ నిలిచినచో ఈ చరిత్రమంతయు కన్నుల గట్టును. బల్లవెనుక గోడపై క్రొత్త స్టిక్కరు. దాని యంచున పాత స్టిక్కరు. తేమకు మూల లేచినచోట, అంతకు పూర్వపు చిరునగవు. ఇట్టి బల్లకడ నొక చేనేత ముసలమ్మ సంచిలోనుండి కార్డులన్నియు తీసి చీట్లపేకవలె పరచినది.

"బాబూ, వీటిల్లో ఏది నడుస్తుందో నువ్వే చూడు."

"పేరే మారిందండీ పిన్నిగారూ, అన్నీ ఒకటే. ప్రీ ఆథరైజేషన్ రాగానే ఆపరేషన్ చేసేస్తారు."

"చేసినాక మళ్లీ నడుస్తానా?"

"అది ప్యాకేజీలో రాయరండీ."

ఆ ఆరోగ్యమిత్ర వేదాంతి కాడు; ఉన్నమాట చెప్పినవాడు. మన పథకము క్రయమునకు గొనునది శస్త్రచికిత్సను. ఆరోగ్యము ఆ బేరములో చేరలేదు. మోకాలికింత, మూత్రపిండమునకింత, గుండెకవాటమునకింత యని ధర కట్టి, కోసి కుట్టినంతనే సొమ్ము పుచ్చుకొను హక్కు ఆసుపత్రికి సంక్రమించును. ఆ తరువాత ముసలమ్మ మగ్గము గుంటలోనికి కాలు దింపగలిగినదా లేదా యను ప్రశ్నకు ఏ దరఖాస్తునందును గడి లేదు. లెక్కించి సొమ్మిచ్చునప్పుడు లెక్కయే పెరుగును గదా! తొలినాళ్లలో గర్భసంచి తొలగింపులు మితిమీరినవని గగ్గోలు పుట్టగా, ఆ చికిత్సను ప్రైవేటు ఆసుపత్రులనుండి తప్పించి ప్రభుత్వాసుపత్రులకు పరిమితము చేయవలసివచ్చెను. 2019 డిసెంబరులో గుంటూరున ప్రారంభమైన ఆసరా యొకటి మాత్రము రోగి యింటికి పోయిన తరువాతి దినములను తలచి, విశ్రాంతికాలమునకు దినమునకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండ, ఇచ్చుటకు పూనుకొనెను. అదియు రోగి చేతికిచ్చిన దయాధర్మమే గాని, వైద్యుని పనికి కట్టిన విలువ కాదు.

ఇక కార్డు పరిమితి పాటను గూర్చి చెప్పకున్న ఈ వ్యాసమునకు శోభ లేదు. రెండు లక్షలతో మొదలైన పాట 2014 తరువాత రెండున్నరకును, క్రమముగా ఐదింటికిని చేరినది. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వము, ప్రమాణస్వీకారము చేసిన రెండు దినములకే, పది లక్షలని పాడెను. తొమ్మిది దినములు గడచినవో లేదో, ఎన్నికల గుమ్మమున నిలిచిన ఆంధ్ర ప్రభుత్వము ఇరువదియైదు లక్షలని పాడి సుత్తి కొట్టించెను. సామాన్యముగా జరుగు చికిత్సలలో అధికభాగము రెండున్నర లక్షలలోపుననే ముగియునను సంగతి పాడినవారికిని తెలియును, విన్నవారికిని తెలియును. కార్డుమీది అంకె పెరిగినంత మాత్రమున ఆసుపత్రికి మోకాలికిచ్చు ధర పెరుగదు, ఇచ్చు ధరయు వేళకు రాదు. అందుచేతనే 2024 మే నెలలో, పోలింగునకును లెక్కింపునకును నడుమ, దిగిపోవువారెవరో ఎక్కువారెవరో బ్రహ్మకైనను తెలియని ఆ త్రిశంకు దినములలో, స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘమువారు సుమారు 1,500 కోట్ల బకాయిలున్నవని సేవలు నిలిపివేసిరి. ప్రభుత్వము మారినది, పేరు మారినది. 2025 అక్టోబరు 10న వారే మరల నిలిపివేసిరి. ఈ పర్యాయము బకాయి సుమారు 2,700 కోట్లని వారి మాట. ప్రభుత్వములు మారినను చెక్కుచెదరక వృద్ధినొందిన సంస్థ ఆ బకాయి యొక్కటియే.

ఈ సందర్భమున మా పానకాల లక్ష్మీనరసింహస్వామివారి పద్దు స్మరణీయము. భక్తుడు బిందెతో పానకము తెచ్చిన, అర్చకుడు శంఖముతో నోట పోయుచుండగా గుటగుట శబ్దముతో త్రాగి, సగమయినంతనే చాలునని తక్కిన సగమును ప్రసాదముగా తిరిగి యిచ్చును. చిన్న బిందెకును పెద్ద బిందెకును అదే న్యాయము. పథకమును నడపు ట్రస్టువారి పద్ధతియో! ఆసుపత్రి క్లెయిము పంపిన, ఫోటో లేదని యొక క్వరీ, స్కాను తేటగా లేదని మరొక క్వరీ, ఇంత కోత, అంత కోత, పిమ్మట ఆర్థికశాఖవారి కటాక్షమునకై నిరీక్షణము. స్వామి ఎంత త్రాగునో భక్తునికి ముందే తెలియును, మిగిలినది వెంటనే చేతికి వచ్చును. అట్టి భాగ్యము విజయవాడ సూర్యారావుపేటలోని నర్సింగుహోము యజమానికి లేదు.

ఇట్టి వాతావరణమున ఢిల్లీ పెద్దలొక నూతనధర్మము బోధించిరి. చేసిన చికిత్సలను లెక్కింపక, రోగికి కలిగిన మేలును కొలిచి ఆసుపత్రికి ప్రతిఫలమీయవలెనని, ఆయుష్మాన్ భారత్‌ను నడపు జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ 2022లో సంకల్పించి, ఐదు కొలబద్దలు నిర్ణయించినది: రోగి సంతృప్తి, మరల మరల ఆసుపత్రిలో చేరుట, రోగి జేబునుండి పోయిన సొమ్ము, నిజమని తేలిన ఫిర్యాదులు, రోగి జీవనమున వచ్చిన మెరుగు. ఊహ ఉత్తమమైనదే. కాని ఫలితమునకు పూచీపడు ఆసుపత్రి, ఇంటింటికి పోయి రోగిని చూచు నర్సులను ముందుగా నియమించుకొనవలెను, ఏండ్లతరబడి రికార్డులు నిలుపవలెను, నేడు ఖర్చుపెట్టి నాలుగైదేండ్ల తరువాత లాభమునకై ఎదురుచూడవలెను. నిరుడు చేసిన ఆపరేషనుకే నేటికిని డబ్బు ముట్టని వైద్యుడు, రాబోవు ప్రభుత్వము ఏ పేరుతో వచ్చునో తెలియనివాడు, అంతటి సాహసమునకు పూనుకొనునా?

అమెరికాలో మన తెనుగు డాక్టరులు పనిచేయు వైద్యబృందములు ఈ త్రోవను పట్టుటకు కారణము, వారు మనకంటె పుణ్యాత్ములగుట కాదు. 2015లో, ఫలితమును బట్టి వైద్యులకు ప్రతిఫలమిచ్చు మేక్రా యను చట్టమును అచటి సెనేటు 92 ఓట్లకు 8 ఓట్లతో, రెండు పార్టీలును కలిసి, ఆమోదించినది. ఎవరు గెలిచినను నిలుచునను నమ్మకము బృందములకు కుదిరినది. అచటను ఎన్నికగాలి వీచకపోలేదు. 2017లో ఆరోగ్యమంత్రిగా వచ్చినవాడు స్వయముగా ఎముకల వైద్యుడగుటచేత, మోకాలు తుంటి శస్త్రచికిత్సల ఫలితమునకు ఆసుపత్రులను తప్పనిసరిగా బాధ్యులను చేసిన 67 ప్రాంతములను 34కు కుదింప ప్రతిపాదించెను, అట్లే కుదించిరి. తన వృత్తివారి మోకాలినొప్పి మంత్రికి తెలియకుండునా!

నా మనవి యేమనగా, ఆ ఐదు కొలబద్దలను ఆసుపత్రులకంటె ముందు వానిని నిర్ణయించువారికి తగిలించి పరీక్షింపవలెను. డిశ్చార్జియైన రోగి నెల తిరుగకమునుపే మరల చేరినచో అది చికిత్సాదోషమట. ఒక పార్టీనుండి డిశ్చార్జియై, కండువా మార్చుకొని, మరల తొల్లింటి పార్టీవార్డులోనే చేరు నాయకుల విషయమున ఈ నిబంధన మిక్కిలి ఉపయోగకరము. అట్టివారికి రెండవమారు ప్యాకేజీ చెల్లింపరాదు. మేనిఫెస్టోకు ప్రీ ఆథరైజేషన్ తప్పనిసరి చేయవలెను. అందు వ్రాసిన ప్రతి వాగ్దానమునకును ముందు ఫోటో, తరువాత ఫోటో జతపరచనిచో క్వరీ వేయవలెను. రోగి జేబు ఖర్చువలెనే ఓటరు జేబు ఖర్చును లెక్కకట్టవలెను. సంతృప్తిని గూర్చి నాకు సందేహము లేదు, సర్వేలన్నిటను అది తొంబదిపాళ్లకు తగ్గదు. జీవనమున మెరుగు అను ఐదవ కొలబద్దను మాత్రము శిలాఫలకముల సంఖ్యతో కొలువ యత్నింతురు గనుక, ఆ మార్గమును మొదటనే మూసివేయుట క్షేమము.

2025 సెప్టెంబరులో ఆంధ్ర మంత్రివర్గము మరియొక ఏర్పాటునకు సమ్మతించినది: రెండున్నర లక్షలవరకు బీమా కంపెనీ, అటుపై ఇరువదియైదు లక్షలవరకు ట్రస్టు. ఇందు సొమ్ము చెల్లించు చేయి మారునే గాని, చెల్లించుటకు కారణము మారదు. బీమావాడును క్లెయిములనే లెక్కించును, మోకాళ్లను కాదు. 2029లో మన గుమ్మము త్రొక్కు అభ్యర్థి ఇరువదియైదును ఏబదిచేసెదనని పాడకమానడు. చదువరులారా, అప్పుడు కార్డు చూపవలదు. ఆసుపత్రికి సొమ్ము ఎన్నినాళ్లలో చేరునో, ఆపరేషనైన నెలకు ఆ మనిషిని చూచి వచ్చువారెవరో, ఈ రెండే అడుగుడు. తడుముకొనక సమాధానము చెప్పినవాడు తారసపడినచో, ఏ పార్టీవాడైనను సరే, ఈ పత్రికకు ఒక కార్డుముక్క వ్రాయుడు.