బతికుండగానే తద్దినం

జంతుప్రేమ నేర్చుకోవాలంటే జపాను వెళ్లాలి. హొక్కైడో దీవిలో, నొబొరిబెత్సు కొండ మీద 1958 నుంచి ఎలుగుబంట్ల పార్కు ఒకటి నడుస్తోంది. రోప్‌వే ఎక్కి పైకి వెళితే అక్కడో అద్దాల గది. దాని పేరే 'మనుషుల బోను'. మనం లోపల, ఎలుగులు బయట. ఎంత సమన్యాయం! కాకపోతే మన బోనుకు తలుపుంది, దిగి రావడానికి రోప్‌వే ఉంది. బయట ఉన్నాయనుకున్న ఎలుగుల చుట్టూ ఉన్నది గోడ. అడవిలో ఎవరి దారిన వారు ఒంటరిగా తిరిగే జాతి ఇక్కడ గుంపుగా కూర్చుని, ముందు కాళ్లెత్తి బిస్కట్టు ముక్క కోసం దణ్ణాలు పెడుతుంది. "అబ్బ, ఎంత ముద్దొస్తోందో!" అంటూ ఫోను తీస్తాం. అదే దణ్ణం సిగ్నల్ దగ్గర మనిషి పెడితే కారు అద్దం పైకెత్తేస్తాం.

ఈ ప్రేమ ముదిరితే ఏమవుతుందో టోక్యోలో చూడాలి. 1943లో, యుద్ధంలో బాంబులు పడితే మృగాలు తప్పించుకుని ఊరి మీద పడతాయని ఉయెనో జూలో వాటిని చంపమన్నారు. మూడు ఏనుగులకు తిండి ఆపేశారు. సెప్టెంబరు 4న పెద్దల్నీ బడిపిల్లల్నీ పిలిచి, బౌద్ధ భిక్షువులతో చనిపోయిన జంతువులకు ఘనంగా కర్మకాండ జరిపించారు. మంత్రాలు చదువుతున్న వేళకు ఏనుగుల్లో రెండు బతికే ఉన్నాయి, అదే ఆవరణలో, జనం కంటపడకుండా, ఆకలితో. ముహూర్తం తప్పకూడదు కదా! ఆలస్యం చేసింది ఏనుగులే. ఆ నెలలోనే అవీ పోయి లెక్క సరిచేశాయి. వాటిలో ఒకదాన్ని హనాకో అని పిలిచేవారు.

యుద్ధం ముగిశాక పిల్లలు ఏనుగు కావాలన్నారు. 1949లో థాయ్‌లాండు నుంచి రెండేళ్ల గున్న వచ్చింది. దానికీ హనాకో అనే పేరు పెట్టారు. అదే ఏడు మన నెహ్రూగారూ ఒక ఏనుగును పంపారు, కూతురు ఇందిర పేరు పెట్టి మరీ. పిల్లల మీద అందరికీ అంత ప్రేమ. గున్న కూడా ఒక తల్లి పిల్లేనన్నది ఎవరికీ తట్టలేదు.

కొత్త హనాకోను 1954లో ఇనొకషిరా పార్కుకు మార్చారు. కాంక్రీటు నేల, కాంక్రీటు గోడ. తల్లీ, పిన్నీ, అమ్మమ్మా కలిసి నడిచే జాతికి పుట్టిన ప్రాణి అరవై ఏళ్లకు పైగా అక్కడ ఇంకో ఏనుగు తోడు లేకుండా బతికింది. దాని కాళ్ల కింద పడి ఇద్దరు పోతే హంతకురాలన్నారు, గొలుసు వేశారు. ముసలితనంలో పళ్లు ఊడితే మేత తరిగి పెట్టిన కాపరులూ అక్కడే ఉన్నారు. వాళ్లను నేనేమీ అనను. చివరి రోజుల్లో లక్షల మంది సంతకాలు చేసి దాన్ని మంచి చోటికి పంపమంటే, ఈ వయసులో కదిపితే తట్టుకోలేదన్నారు. నిజమే. రెండేళ్ల వయసులో సముద్రం దాటించినప్పుడు మాత్రం తట్టుకోగలదనే అనుకున్నారు. 2016 మే నెలలో, 69వ ఏట పోయింది. మరుసటి ఏడే కిచిజోజి స్టేషను ముందు కంచు విగ్రహం వెలిసింది. కంచు ఏనుగుకు గోడ కట్టలేదు.

ఇప్పుడు టోక్యో వెళ్లే మనవాళ్లు చూడాల్సినవాటి చిట్టాలో గుడ్లగూబల కెఫే కూడా రాసుకుంటున్నారు. రాత్రి వేటాడే పక్షిని పట్టపగలు కాలికి తాడు కట్టి కొమ్మ మీద కూర్చోబెడతారు. డబ్బు కట్టినవాళ్లు వరసగా వచ్చి తల నిమురుతారు. అది కళ్లు మూసుకుంటే మన స్పర్శకు మురిసిపోతోందనుకుంటాం. దానికి నిద్రొస్తోందండీ. దయచేసి ఆ టిక్కెట్టు కొనకండి.