హీబ్రూ రాకుండా ప్రవక్తల మీద పండితుడు కావడమెలా?

కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్లలో కొత్తగా వాక్యం చెప్పబోయే తమ్ముళ్ల కోసం ఈ చిట్కాలు.

ముందు అక్షరాల సంగతి. హీబ్రూలో ఉన్నవి 22. మన 56 దిద్దినవాళ్లకు అదో లెక్కా? ఆలెఫ్, బేత్ దాకా వచ్చి ఆపేయండి. ఇంకా ముందుకు పోతే అవన్నీ హల్లులేననీ, అచ్చుల కోసం చుక్కలూ గీతలూ పెట్టింది ప్రవక్తలు పోయిన వెయ్యేళ్లకు పైబడి తిబెరియ పండితులనీ తెలుస్తుంది. తెలిస్తే నోరు తడబడుతుంది. "మూలభాషలో చూస్తే" అని గొంతు పెంచండి చాలు, తర్వాత ఏం చెప్పినా లేచి అడిగేవాడుండడు. 1890లో అచ్చయిన స్ట్రాంగ్ పదసూచిక ఇప్పుడు ఫోన్లోనే ఉంది. నంబరు నొక్కితే నాలుగైదు అర్థాలు వస్తాయి. ప్రసంగానికి పనికొచ్చేది ఏరుకోండి. ఆ వాక్యంలో ఆ మాటకు ఏది పొసగుతుందో చూడటం చాదస్తం.

చరిత్రనైతే గడప తొక్కనివ్వొద్దు. యిర్మీయా 29:11 సంగతే చూడండి. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డుల్లో అదే, గోడ మీద క్యాలెండర్లో అదే, ఆటో వెనకా అదే. దాని పైనున్న పది వచనాలు మాత్రం చదవకండి. చదివితే అది క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యెరూషలేము నుంచి రాసిన ఉత్తరమని బయటపడుతుంది. తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుంది, ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అందులో ఉంది. అంటే అది చదివించుకుని విన్న పెద్దల్లో చాలామంది అక్కడే పోతారన్నమాట. వీసా కోసం ప్రార్థన చేయించుకోవడానికి వచ్చిన కుర్రాడికి ఇది చెప్పగలరా? ఆహాజు నాటి యెషయా పుస్తకంలోకి రెండొందల ఏళ్ల తర్వాతి పారసీక రాజు కోరెషు పేరు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, వెంటనే కానుకల పాట ఎత్తుకోండి.

స్థానికతకు కోటప్పకొండ ఉండనే ఉంది. త్రికోటేశ్వరుడి కొండ మీద కాకి వాలదంటారు. ఏలీయాకేమో కాకోలములే రొట్టే మాంసమూ మోసుకొచ్చాయి. కాబట్టి ఏలీయా పల్నాడు రాలేదు, రుజువైపోయింది. ఆ కొండ కథలో గొల్లభామ వెనక్కి తిరిగి చూసి శిల అయింది, లోతు భార్య వెనక్కి చూసి ఉప్పుస్తంభమైంది. రెండూ ఒకటేనని పుస్తకం వేయించి తిరునాళ్లలో అమ్మండి. ఏ కథ ఏ నేల మీద, ఎవరి కోసం పుట్టిందని అడిగేవాణ్ణి అవిశ్వాసి అనేయండి.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం వైపు పోకండి. అక్కడ బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు, సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. మీ ఉచ్చారణను వాళ్ల పిల్లలు సరిదిద్దితే పరువేం కాను? హైదరాబాదులో 1964 నాటి ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ ఉంది, అదీ అంతే.

అందరికంటే ప్రమాదం ఆమోసు. తెకోవలో పశువులు కాసుకుంటూ, మేడిపళ్ల చెట్లు చూసుకునే మనిషి. క్రీ.పూ. 8వ శతాబ్దంలో, రెండో యరొబాము ఏలుబడిలో ఇశ్రాయేలులో డబ్బు బాగా ఆడుతున్న రోజుల్లో, బేతేలు గుడికొచ్చి పెద్దల్ని దులిపేశాడు. నీ ఊరికి పొమ్మని అమజ్యా అనే యాజకుడు గదమాయించాడు కూడా. ఎఫా చిన్నది చేసి, షెకెలు పెద్దది చేసి ధాన్యం అమ్మే వర్తకులంటే ఆమోసుకు మంట. ఎఫా అంటే గింజలు కొలిచేది, షెకెలు అంటే వెండి తూచే రాయి అని విడమరిచారో, జనం చూపులన్నీ ముందు వరసలో కూర్చున్న మిర్చి వ్యాపారి మీదికి పోతాయి. ఆమోసు నాటి మోసం అమ్మేటప్పుడు, ఈయన కాటా మోసం కొనేటప్పుడు. రైతుకు ఆ తేడా పట్టదు. పైగా షామియానా ఖర్చు ఆయనదే.

అందుకని ఆమోసు మొదటి వచనంలో ఉన్న భూకంపం ఒక్కటే తీసుకోండి. టీవీలో చూపించిన ఏ భూకంపానికైనా తగిలించి అంత్యదినాలు వచ్చేశాయనండి. వ్యాపారి అందరికంటే గట్టిగా ఆమెన్ అంటాడు, వచ్చే ఏడు కూటాలకు కుర్చీలు కూడా ఆయనే వేయిస్తాడు.