తాపీగా పెట్టిన పేరు

పరాయివాళ్ల ఇంటిపేరు తెచ్చి మన బిడ్డకి పేరుగా పెట్టుకోవడంలో మన తరవాతే ఎవరైనా. జ్యోతుల వారింట నెహ్రూ, అరికెపూడి వారింట గాంధీ పుట్టి ఎమ్మెల్యేలు కూడా అయ్యారు. తమిళనాట కరుణానిధికి 1953 మార్చి 1న కొడుకు పుట్టాడు. నాలుగు రోజులకి రష్యాలో స్టాలిన్ పోయాడు, ఆ పేరు ఈ పిల్లాడికి వచ్చింది. మా ఉద్దానం కొబ్బరి తోటల్లో నిలబడి ‘బోసూ’ అని కేకేస్తే కనీసం ముగ్గురు పలుకుతారు. బారసాలకి వచ్చిన పంతులు నక్షత్రం చూస్తాడు, పాదం చూస్తాడు. ఇది పేరా, ఎవరి ఇంటిపేరా అని మాత్రం అడగడు.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. తండ్రి కాంగ్రెస్‌లో ఉన్న రోజుల్లో పుట్టిన పెద్దవాడు నెహ్రూ. తరవాత మా వైపు ఎర్రజెండాలు లేచాయి, సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథలు ఊరూరా మోగాయి, తండ్రి మనసు మారింది. రెండోవాడు లెనిన్.

నెహ్రూల అసలు ఇంటిపేరు కౌల్. కాశ్మీరు నుంచి ఢిల్లీ వచ్చి కాలువ గట్టున కాపురం పెట్టారు. కాలువని అక్కడ నహర్ అంటారు, దాన్నిబట్టి నెహ్రూలయ్యారు. అంటే మా నెహ్రూ అచ్చ తెలుగులో కాలవగట్టు. ఆయన పొలం వంశధార ఎడమ కాలువ శివారున ఉంది. పేరులో పారినంత నీరు మడిలో పారింది లేదు. తాగునీటి సంగతి వేరు, అది హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో వస్తుందని 2023 డిసెంబరులో ప్రారంభోత్సవం చేశారు. ఆ లెక్కన ఈ తరం మనవడికి గొట్టం అని పెట్టాలి. పెడితే రేపు బళ్లో ఎవడైనా ‘నువ్వే గొట్టంగాడివిరా’ అని దబాయిస్తే, వాడు వినయంగా చెయ్యెత్తాల్సి వస్తుంది.

లెనిన్ కథ ఇంకా చిత్రం. ఆ రష్యా ఆయన ఇంటిపేరు ఉల్యనోవ్. లెనిన్ అన్నది ఉద్యమంలో పెట్టుకున్న మారుపేరు. ప్రభుత్వానికి దొరక్కుండా తిరిగిన మనిషి మారుపేరు మా దగ్గర ఆధార్‌కెక్కి, వేలిముద్రతో సహా ప్రభుత్వానికి దొరికిపోయింది. కొత్త తరం స్టాలిన్‌లకి ఈ గొడవ లేదు. వాళ్లు 2006లో వచ్చిన చిరంజీవి సినిమా తాలూకు స్టాలిన్‌లు. అంతకు మూడేళ్ల ముందు పుట్టిన అన్నలు ఠాగూర్‌లు.

ఇంతమంది ఇంటిపేర్లు నెత్తిన పెట్టుకున్న మనం మన ఇంటిపేరుని ఏం చేశాం? ఒక్క అక్షరానికి నరికి పక్కన చుక్క పెట్టాం. ఇచ్ఛాపురంలో మరో తిరకాసు. తెలుగింట ఇంటిపేరు మనిషికి ముందు నడుస్తుంది, పక్కింటి ఒడియా వాళ్లకి సాహు, బెహరా, పాత్రో వెనక నడుస్తాయి. దరఖాస్తు నింపే కుర్రాడు ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తాడు. వాణ్ణి అని ఏం లాభం? ఢిల్లీ పత్రికలే మన జిల్లా కేంద్రమంత్రిని నాయుడు ఇంటివాణ్ణి చేసి, కింజరాపు వారిని గాలికొదిలేశాయి.

ఇంతకీ లెనిన్ తాపీ మేస్త్రీ. హైదరాబాదు వలసెళ్లి అపార్టుమెంట్లు కట్టి, కొడుకుని ఇంజనీరింగు చదివించాడు. కొడుకు అమెరికా వెళ్లాడు. అక్కడ మనవడు పుట్టాడు. బారసాల ఫోనులో చూశాం. పళ్లెంలో బియ్యం, బియ్యంలో ఉంగరంతో రాసిన పేరు: మేసన్.

“ఏటి పేర్రా అది?” అంది ఇక్కణ్ణుంచి తల్లి.

“అమ్మా, ఇక్కడ మంచి గిరాకీ ఉన్న పేరు.” అబద్ధం కాదు. 2011లో అమెరికా మగపిల్లల పేర్లలో అది రెండో స్థానంలో నిలిచింది. వాళ్ల దేశంలో ఇంటిపేర్లు పిల్లల పేర్లయిపోవడం మామూలే. దర్జీవాడి ఇంటిపేరు టేలర్, బండివాడి ఇంటిపేరు కార్టర్, ఇప్పుడు రెండూ ఉయ్యాల్లో ఉన్నాయి.

“అర్థమేటి?”

“రాతి కట్టడం పనివాడు.”

తల్లి ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. “తాపీ మేస్త్రీ అను. మీ అయ్యకి ఆ పన్లోనే నడుం ఇరిగిపోనాది. ఆ పని ఒగ్గీడానికి కాదురా నిన్ను సదివించినాది?”

లైను కట్టయింది. సిగ్నలు పోయిందని కొడుకు తరవాత చెప్పాడు.

మాకు దగ్గర్లోని బరంపురంలో 1887లో పుట్టిన ధర్మారావుగారి ఇంటిపేరు తాపీయే. అంతటి పండితుడి మీద గౌరవంతోనైనా కొడుక్కి తాపీ అని పేరు పెట్టినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. అదే పేరు ఇంగ్లీషులో సముద్రం దాటి వస్తే పళ్లెంలో బియ్యం పోశాం.

మనవణ్ణి ఎత్తుకోవాలని లెనిన్ పాస్‌పోర్టు తీయించుకున్నాడు. దరఖాస్తు నింపినవాడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, ఉన్నదంతా రెండో గడిలో కుక్కాడు. అలాంటి పాస్‌పోర్టు వస్తే అమెరికా వాళ్లు ఆ ఉన్న పేరుని ఇంటిపేరు గడిలోకి జరిపి, సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని కొడతారు, పేరు తెలియదని దానర్థం. వీసా వచ్చింది. చూస్తే లెనిన్ చివరికి ఇంటిపేరైపోయాడు. మనవడి పేరు మాత్రం మేస్త్రీ.