రీసెట్టు పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఆండ్రాయిడ్ ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేసే విధానమంతా గూగుల్ వారి సహాయ పుటల్లో వచనంలో ఉంది. వచనాన్ని ఎవరూ బట్టీ పట్టరు. పట్టనందువల్లే బెంగళూరు ఎస్పీ రోడ్డులో, పాత ఫోన్లు కొనే కొట్ల ముందు, మనవాళ్లు పాస్‌వర్డు గుర్తురాక నుదురు రుద్దుకుంటూ నిలబడుతుంటారు. మారతహళ్లి, బీటీఎం లేఔట్ పీజీల్లో ఉంటూ మాటిమాటికీ ఫోను మార్చే తెలుగు పిల్లల ఉపయోగార్థం ఆ విధానాన్ని ఒక ఆటవెలదిలోకి దించాను. పద్యమూ నాదే, వ్యాఖ్యా నాదే. కాబట్టి కవి హృదయం వ్యాఖ్యాతకు అందలేదని ఆక్షేపించే వీలు ఎవరికీ లేదు.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. మెదక్ జిల్లా కొల్చారం ఆయన స్వగ్రామమంటారు. నోటిఫికేషన్ల బాధ లేని కాలం గనుక రెండు ఒట్లూ నిలబెట్టుకోగలిగాడు. నేను మొదటిదానికే పూచీ.

మూలం

తుడిచి వేయఁ దలచి తొల్లిటి ఫోనును
ఖాతఁ దీసి నకలు కాచిపెట్టి
సిస్టమందుఁ జొచ్చి శేషము లేకుండ
రెండుమార్లు నొక్కు రీసెటనుచు

ప్రతిపదార్థం

తొల్లిటి ఫోనును = ఇంతకాలం వాడిన ఫోనును; తుడిచి వేయఁ దలచి = ఖాళీ చేయ నిశ్చయించుకొని; ఖాతఁ దీసి = అందులోని గూగుల్ ఖాతాను తొలగించి; నకలు = ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ సంభాషణలు మొదలైనవాటి ప్రతిని; కాచిపెట్టి = వేరొకచోట భద్రపరచి; సిస్టమందున్ = సెట్టింగ్స్‌లోని సిస్టమ్ అనే విభాగమందు; చొచ్చి = ప్రవేశించి; శేషము లేకుండ = ఏమియు మిగలకుండునట్లు; రీసెటనుచు = రీసెట్ అని మనసులో అనుకొంటూ; రెండుమార్లు = రెండు పర్యాయములు; నొక్కు = నొక్కుము. ‘నీవు’ అనే కర్తను తెచ్చుకోవాలి. దొంగను తెచ్చుకోరాదు, అందుకు కారణం ముందు చెప్తాను.

తాత్పర్యం

ఫోను అమ్మేవాడు గాని, ఊళ్లో ఉన్న నాన్నకు పంపేవాడు గాని, హ్యాంగ్ అవుతోందని విసిగినవాడు గాని ముందు తన సామాను వేరేచోట పెట్టుకొని, ఖాతా తీసేసి, ఆ తరువాతే రీసెట్ కొట్టవలెను.

విశేషాలు

పద్యంలో సమాపక క్రియ ఒక్కటే: నొక్కు. తలచి, తీసి, కాచిపెట్టి, చొచ్చి అన్నవన్నీ క్త్వార్థకాలు, అంటే నొక్కడానికి ముందే జరిగిపోవలసిన పనులు. లోకం వీటిని దాటేసి సమాపక క్రియ మీదికే దూకుతుంది. ఫోను రీసెట్‌లో జరిగే నష్టాల్లో ముప్పాతిక మూడువంతులు వ్యాకరణం పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవేనని నా అభిప్రాయం.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెస్టింగ్ విభాగం. “అయ్యా, మీ కవి ఖాత తీసి, తరువాత నకలు కాచిపెట్టమన్నాడు. గూగుల్ ఖాతా తీసేశాక నకలు గూగుల్ డ్రైవ్‌కి ఎలా వెళుతుంది? పద్యంలోనే బగ్ ఉంది.” దీనికి సమాధానం మీమాంసకులు ఏనాడో చెప్పి ఉంచారు. పాఠక్రమం కంటె అర్థక్రమం బలీయం. అగ్నిహోత్రం చేయమని ముందు, జావ వండమని వెనక చెప్పిన చోట, హోమం చేయవలసింది ఆ జావతోనే గనుక వంటే ముందు కావాలని వారి నిర్ణయం. అలాగే ఇక్కడా నకలు ముందు, ఖాత వెనక. మరి కవి తలకిందులుగా ఎందుకు చెప్పాడంటే, ఖా-కా యతి అలా కుదిరింది. ‘ఖాతా’ హ్రస్వమై ‘ఖాత’ కావడానికీ ఛందస్సే కారణం. ఛందస్సు తెలియని టెస్టరుకు ఇదంతా బగ్‌లాగే కనిపిస్తుంది.

నకలు విషయంలో ఒక హెచ్చరిక. నకలు అనగానే గూగుల్ అంతా చూసుకుంటుందని ధీమాగా ఉండేవారు, వాట్సాప్ బ్యాకప్ చివరగా ఎప్పుడు జరిగిందో తెరిచి చూడాలి. ఆ బ్యాకప్‌కు ఒకప్పుడు డ్రైవ్‌లో చోటు లెక్క ఉండేది కాదు. 2024 నుంచి అది గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే ఇమడాలి. పెళ్లి వీడియోలతో ఆ 15 నిండిపోయి, బ్యాకప్ నెలల కిందటే ఆగిపోయిన ఫోన్లు ఎన్నో. అది గట్టిగా అరిచి చెప్పదు. ఆఫీసు లాగిన్ కోడ్‌లు ఇచ్చే అథెంటికేటర్ సంగతీ ఇంతే. ఆ కోడ్‌లను గూగుల్ ఖాతాతో జతచేసే వీలు 2023లో వచ్చింది గాని, జతచేసుకోవడం మన పని.

ఇక ‘ఖాత’. ఏకవచనం చూసి మోసపోకూడదు, ఇది జాత్యేకవచనం. శాంసంగ్ ఫోనులో శాంసంగ్ ఖాతా, షావోమీలో షావోమీ ఖాతా గూగుల్ పక్కనే కూర్చొని ఉంటాయి. అన్నీ తీయాలి. ఎందుకు తీయాలంటే, 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఎఫ్ఆర్‌పీ (ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్) అనే కావలివాడు వచ్చాడు. దొంగిలించిన ఫోనును దొంగ బటన్లు నొక్కిపట్టి, రికవరీ అనే పెరటి గుమ్మంలోంచి దూరి, అంతా తుడిచేసినా ఫోను తిరిగి లేచాక, “ఇంతకుముందున్న ఖాతా ఎవరిది? పాస్‌వర్డ్ చెప్పు” అంటుంది. ప్రతిపదార్థంలో దొంగను కర్తగా తెచ్చుకోవద్దన్నది ఇందుకే. అతనికి ఈ శాస్త్రంలో అధికారం లేదు. సెట్టింగ్స్ అనే వీధి గుమ్మంలోంచి, పిన్ చెప్పి వెళ్లినవాణ్ణి చాలా ఫోన్లు యజమానిగానే గుర్తిస్తాయి. అయినా ఖాతా తీసి వెళ్లడమే శిష్టాచారం.

ఈ కావలివాడికి న్యాయాన్యాయ విచక్షణ లేదు. పాస్‌వర్డ్ మరచిన యజమానీ అతనికి దొంగే. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకొని వెంటనే రీసెట్ కొట్టేద్దామనుకునేవారిని 24 గంటలు ఆగమని గూగుల్ వారే చెప్తున్నారు. అశౌచం లాంటిదన్నమాట. ఆగనివారు ఎస్పీ రోడ్డులో ‘గూగుల్ లాక్ తీయబడును’ అనే తరహా బోర్డులు వెతుక్కుంటూ తిరుగుతారు.

‘శేషము లేకుండ’ దగ్గర వ్యాఖ్యాత తీరిగ్గా కూర్చోవాలి. పద్యానికి ఇదే ప్రాణం, వివాదమంతా ఇక్కడే.

పూర్వపక్షం: 128 జీబీ నిండిన ఫోనును నిమిషాల్లో తుడవడం అసాధ్యం, కనుక ఇది తుడిచినట్టు నటించడమే. ఒకప్పుడు ఈ వాదమే గెలిచేది. 2015లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ అనే ఇద్దరు, అయిదు కంపెనీలకు చెందిన 21 పాత ఫోన్లను పరీక్షించారు. అవి ఆండ్రాయిడ్ 2.3 మొదలు 4.3 దాకా కాలపువి. రీసెట్ అయ్యాక కూడా వాటిలోంచి సందేశాలు, ఫొటోలు, గూగుల్ ఖాతాలోకి దారితీసే టోకెన్లు బయటపడ్డాయి. అలా సరిగా తుడుచుకోని ఫోన్లు లోకంలో 50 కోట్ల దాకా ఉండవచ్చని వారి అంచనా. ఫలానా ఫైలు ఫలానా చోట ఉందన్న పట్టికను చెరిపి, ఆ చోటును మాత్రం చెరపకుండా వదిలేసిన ఫోన్లు అప్పట్లో ఉండేవి.

సిద్ధాంతం: కాలం మారింది. ఆండ్రాయిడ్ 6.0 నుంచి తగినంత వేగంగల కొత్త ఫోన్లలో, 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్తగా విడుదలయ్యే అన్ని ఫోన్లలో, లోపలి సమాచారం గూఢలిపిలోనే ఉండాలని నియమం. ఆ లిపిని విప్పే తాళంచెవి ఫోనులోని భద్రమైన చిప్పు కాపలాలో ఉంటుంది. రీసెట్ నొక్కినప్పుడు ముఖ్యంగా నాశనమయ్యేది ఆ చెవే. అక్షరాలు కొన్ని ఫోను మెమరీలో పడి ఉన్నా, వాటికి అర్థం ఉండదు. టీక లేని కావ్యాన్ని ఎవరు చదువుతారు? అందుకే నిమిషాలు చాలుతాయి. పదేళ్ల నాటి ఫోను అమ్మేవాడు మాత్రం ఈ సిద్ధాంతం మీద భారం వేయకుండా, ముందు సెట్టింగ్స్‌లో ఆ గూఢలిపి, అంటే ఎన్‌క్రిప్షన్, ఉందో లేదో చూసుకోవాలి.

అయితే శేషం బొత్తిగా లేదా? ఉంది. వేదాంత పరిభాషలో చెప్పాలంటే సంచితం దగ్ధమవుతుంది, ప్రారబ్ధం దగ్ధం కాదు. ఐఎంఈఐ అనే 15 అంకెల సంఖ్య ఫోను పుట్టుకతో వచ్చింది. ఎన్నిసార్లు రీసెట్ కొట్టినా అదే. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే కనిపిస్తుంది. ఫోను పోతే ఈ అంకెలతోనే దాన్ని దేశమంతటా నిలిపివేయించే ‘సంచార్ సాథీ’ ఏర్పాటు 2023 మే నెలలో వచ్చింది. ఐఎంఈఐని మార్చబోయేవాడికి అదే ఏడు వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల దాకా జరిమానా రాసిపెట్టింది. ఎస్‌డీ కార్డు కూడా తనంతట తుడుచుకోదు. బయటికి తీసి జేబులో వేసుకోవడం నయం. బ్యాటరీకి పోయిన యౌవనం రాదు.

‘తొల్లిటి’ అన్న మాటలో ఇంకో సూక్ష్మం. ఫ్యాక్టరీ రీసెట్ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి స్థితి అని అందరూ అనుకుంటారు. కాదు. అప్‌డేట్లతో ఆండ్రాయిడ్ 11 నుంచి 13కి ఎదిగిన ఫోను రీసెట్ తరువాత కూడా 13లోనే లేస్తుంది. కంపెనీ పుట్టుకతో అంటగట్టి పంపిన ఆటలు, వార్తల యాప్‌లు మాత్రం, మీరెప్పుడో తీసేసినవి సైతం, నవ్వుతూ ప్రత్యక్షమవుతాయి.

శేషం గురించి ఒక శ్లేష చెప్పి ముందుకు వెళ్తాను. ఫోనులో తుడిచినా, గూగుల్ ఖాతాలో దాచిన మెయిళ్లు, ఫొటోలు అక్కడే ఉంటాయి. రీసెట్ వాటిని తాకదు. ఆ గూగుల్ వారు 2025 ఫిబ్రవరిలో బెంగళూరు మహదేవపురలో తెరిచిన పెద్ద కార్యాలయానికి పెట్టిన పేరు ‘అనంత’. ఆదిశేషుడికి అనంతుడనే పేరుంది. మన ఫొటోలు ఆ భవనంలో ఉన్నాయని నేననడం లేదు. శేషం ఎవరి దగ్గర మిగులుతుందో కవికి స్ఫురించిందని మాత్రమే అంటున్నాను.

‘రెండుమార్లు’: ఫోను మొదట తొలగిపోయేవాటి జాబితా చూపుతుంది, ‘మొత్తం డేటాను తొలగించు’ అన్నదాన్ని నొక్కగానే పిన్ అడుగుతుంది, మళ్లీ అదే మాటను అడుగుతుంది. రెండోదాని తరువాత వెనక్కి దారి లేదు.

పాఠాంతరాలు ఉన్నాయి. ‘సిస్టమందుఁ జొచ్చి’ అనేది పిక్సెల్ ప్రతుల్లోని పాఠం. శాంసంగ్ ప్రతుల్లో ‘జనరల్ మేనేజ్‌మెంట్’ అనీ, షావోమీ ప్రతుల్లో ‘అబౌట్ ఫోన్’ అనీ కనిపిస్తుంది. అవి యతికి లొంగవు, అందుకే గ్రహించలేదు. తెర తాకినా స్పందించని ఫోనుకు పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కే రికవరీ పాఠమే గతి. పిక్సెల్‌లో ఆ దారిన వెళితే, వెల్లకిలా పడి పొట్ట తెరచుకున్న చిన్న రోబో బొమ్మ, కింద ‘నో కమాండ్’ అన్న మాట కనిపిస్తాయి. బెదరకుండా పవర్ పట్టుకొని వాల్యూమ్ పైకి నొక్కితే అసలు జాబితా వస్తుంది.

ముహూర్త విచారం. బెంగళూరులో ఈ కర్మను ఉదయం తొమ్మిదికి చేయరాదు. ఈ ఊళ్లో రీసెట్ అయిన ఫోనుతో బయటికి వచ్చినవాడు కొబ్బరిబోండం కొనలేడు. 2015లో ఈ ఊళ్లోనే పుట్టిన ఫోన్‌పే అయినా, మరొకటైనా, తిరిగి లేచాక సిమ్ నుంచి బ్యాంకుకు ఎస్ఎంఎస్ పంపి, ఇది వాడి నంబరే అని తేల్చుకొనే దాకా పైసా కదలదు. ఆ ఎస్ఎంఎస్‌కు సిగ్నలూ కావాలి, రీచార్జీ కూడా ఉండాలి. నమ్మ మెట్రో టికెట్టు వాట్సాప్‌లో, అపార్ట్‌మెంటు గేటు అనుమతి యాప్‌లో, ఆఫీసు లాగిన్ ఇంకో యాప్‌లో. ఆదివారం మధ్యాహ్నం, వైఫై ఉన్నచోట, పక్కన ఛార్జరుతో, జేబులో నోట్లతో కూర్చొని చేయడం ఉత్తమం. శనివారం రాత్రి మధ్యమం. అమ్మకానికి వెళ్తూ ఆటోలో చేయడం అధమం. ఎక్కువమంది చేసేది ఇదే.

చివరిగా ప్రమాణ విచారం. రీసెట్ సరిగా జరిగిందనడానికి యజమాని మాట శబ్దప్రమాణం; ఎస్పీ రోడ్డు వ్యాపారి దానికి విలువ ఇవ్వడు. “గూగుల్ ఐడీ తీశావా అన్నా?” అంటాడు. “తీశాను” అంటారు మీరు. “ఉండన్నా, చూద్దాం” అని తన హాట్‌స్పాట్‌కు కలిపి, స్వాగతం పలికే తెరను, భాష అడిగే తెరను గబగబా దాటించి, పాత ఖాతా అడుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగుతాడు. అడిగితే ఫోనును బల్ల మీద మీ వైపు నెడతాడు. అడగకపోతే దాన్ని వెనక్కి తిప్పి గీతలు లెక్కపెడతాడు. ధర అక్కణ్ణుంచి దిగడం మొదలవుతుంది. ఆ విషయంలో ఈ టీక చేయగలిగిందేమీ లేదు.