కంపోస్టు బాబాయి గారు

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక కంపోస్టు బాబాయి గారు ఉంటారు. బ్యాంకులోనో, కరెంటాఫీసులోనో కాస్త పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరై ఉంటారు కనక ఇతరుల కాగితాల్లో తప్పులు పట్టే అలవాటు ఇంకా వదలదు. ఇప్పుడు కాగితాలు లేవు, చెత్తబుట్టలున్నాయి. లిఫ్టులో మీ చేతిలో కవరు కనబడిందా, ‘బాగున్నారా’ కంటే ముందు ‘తడీ పొడీ కలిపేశావా అమ్మా?’ అనే పలకరింపు వస్తుంది. మేడ మీద నీళ్లట్యాంకు పక్కన ఆయన డ్రమ్ములుంటాయి. అటు వెళ్లినవాళ్లు తప్పించుకోలేరు. డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు నల్లటి ఎరువు తీసి, తెల్లచొక్కా వేసుకొచ్చిన కొత్త అల్లుడి ముక్కు దగ్గరైనా సరే పెట్టి ‘చూడు నాయనా, తొలకరి వాసన’ అంటారు. ఈయన్ని భరించడం కష్టమంటే నేనేమీ కాదనను. నేననేది ఒకటే. ఇంట్లో ఎరువు చేయించడానికి మునిసిపాలిటీలు చేసే సాయం చాలాచోట్ల బుట్ట ఇవ్వడంతో ఆగిపోతోంది. బుట్ట ఇచ్చాక చేయాల్సిన పనంతా ఈ నసమనిషి నెత్తిన వేసుకున్నారు. కాబట్టి సాయం అందాల్సింది ఆయనకి.

బుట్టల సంగతే చూడండి. 2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చదొకటి, నీలందొకటి పంచారు. అవి గట్టి బుట్టలు, అందుకే చాలా ఇళ్లలో ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో విడిచిన బట్టలు చేరాయి. ఆ మర్నాడే అన్నంత దగ్గరలో కేంద్రం తెచ్చిన 2016 ఘనవ్యర్థాల నిబంధనలు ఐదువేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడిచెత్తను సాధ్యమైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలన్నాయి. ఇళ్లలో కంపోస్టును ప్రోత్సహించే బాధ్యత స్థానిక సంస్థల మీద పెట్టాయి. ‘సాధ్యమైనంతవరకు’ అన్న చోటే అసోసియేషన్లన్నీ హాయిగా కాళ్లు చాపుకున్నాయి. జనానికి ఇష్టం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కూరగాయ తొక్కల్లో, మిగిలిన అన్నంలో నీరెక్కువ, నత్రజని ఎక్కువ. ముప్పై వంతుల కర్బనానికి ఒక వంతు నత్రజని ఉంటే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి. ఆ కర్బనం ఎండుటాకుల్లోంచో, రంపపుపొట్టులోంచో, కొబ్బరిపొట్టులోంచో రావాలి. అవి పడకపోతే గాలాడక కుప్ప కుళ్లి కంపుకొడుతుంది, పురుగు పడుతుంది. ఉత్సాహంగా మొదలుపెట్టిన ఇల్లాలు ఆ పురుగును చూడగానే బుట్టను బాల్కనీలోంచి బయటికి పంపేస్తుంది. నగరంలో ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయో ఏ కరపత్రంలోనూ రాయరు. బాబాయి గారికి తెలుసు. తెల్లారుజామున పార్కులో ఊడ్చేవాళ్లు నిప్పు పెట్టేలోపే సంచి పట్టుకుని వాలిపోతారు.

ఆ సంచితో మీ తలుపు తట్టి, అడక్కపోయినా బుట్టలో తల పెట్టి, ‘తడెక్కువైంది, రెండు గుప్పిళ్లు ఆకు వెయ్యి, పులిసిన మజ్జిగ చల్లు’ అని మందు చీటీ రాస్తారు. ఆయన పంచాంగమే వేరు. వేసవి అంటే పుచ్చకాయ తొక్కలు, నీళ్లు కారతాయి జాగ్రత్త. ఆవకాయ రోజులంటే టెంకలు, అవి ఏళ్లు గడిచినా చివకవు, వేసినవాళ్లెవరో గ్రూపులో ఫోటోతో సహా నిలదీస్తారు. వినాయకచవితి ఆయనకి సంక్రాంతి, ఇంటింటి పత్రీ ఆయన డ్రమ్ముకే. గృహప్రవేశానికి పిలిస్తే పాత హార్లిక్స్ సీసా నిండా ఎరువు పోసి చదివిస్తారు. పొద్దున్నే ‘శుభోదయం’ పద్మం పక్కన వానపాముల వీడియో పెడతారు, సరిగ్గా ఇడ్లీల వేళకి. ఇన్ని చేసే మనిషి సొంత వంటింట్లో తొక్కల్ని ముక్కలు కోసేది మాత్రం పిన్నిగారే. ఎరువు ఆయనది, కోత ఆవిడది.

ఈ చివరి మాటే నిజమైన అభ్యంతరం. ఇంటి కంపోస్టు అంటే ఆడవాళ్ల నెత్తిన, పనిమనిషి నెత్తిన ఇంకో పని కాదా అని అడుగుతారు. అవును, బుట్ట ఇచ్చి ఊరుకుంటే అంతే. అందుకే ఆకులు తెచ్చేది, కలియబెట్టేది, చెడితే బాగుచేసేది జీతం తీసుకునే మనిషై ఉండాలి. ఇంతకంటే చెత్తబండి పాట పాడుకుంటూ గుమ్మంలోకే వస్తోంది, దాంట్లో పోస్తే పెద్ద ప్లాంటులో వాళ్లే చూసుకుంటారుగా అని రెండో మాట. మన పట్టణాల చెత్తలో దగ్గరదగ్గర సగం తడిదే. అది ప్లాస్టిక్‌తో కలిసి ఊరి చివర పోగుపడితే ఏమవుతుందో హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ డంప్‌యార్డు పక్కనున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కణ్నించి కారిన నల్లనీళ్లు మల్కారం చెరువును చేరాయి. కేరళలోని అలప్పుళలో ఊరి చెత్త మోసిన సర్వోదయపురం జనం 2012లో బళ్లను అడ్డుకున్నాక మునిసిపాలిటీకి ఇంకో దారి లేక సబ్సిడీ మీద ఇళ్లకు పైపు కంపోస్టు, బయోగ్యాస్ ఇచ్చింది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెత్త విషయంలో మెచ్చుకున్న ఐదు నగరాల్లో అలప్పుళ ఒకటి. మంచిబుద్ధి అక్కడా తనంతట రాలేదు, బళ్లు ఆగితే వచ్చింది. పెద్ద ప్లాంటు వద్దని కాదు. ఎముకలూ, టెంకలూ, హోటళ్ల ఎంగిలాకులూ ఎక్కడికో అక్కడికి పోవాలి. అయితే మన బుట్టలోని కొత్తిమీర కాడలకి డీజిలు ఖర్చు పెట్టి ఊరు దాటించాల్సిన అవసరం ఉందా?

డబ్బు సంగతీ తేల్చాలి. పుణెలో వానపాముల ఎరువు, సౌరవిద్యుత్తు లాంటివి పెట్టుకున్న ఇళ్లకు ఆస్తిపన్నులో రాయితీ ఇస్తున్నారు. అలాంటిది పెడితే మేడ మీద డ్రమ్ము పెట్టనివ్వని అసోసియేషన్ అధ్యక్షుడే ముందు నిచ్చెన తెస్తాడు. దొంగలెక్కలు రాస్తారంటారా? రాస్తారు. ఖాళీ డ్రమ్ముకి పూలదండ వేసి ఫోటో పంపేవాళ్లుంటారు. ఆ ఫోటో చూసి నిజంగా పైకెక్కి మూత తీసేవాడొకడు కావాలి, ఆ పనికి బాబాయి గారిని మించినవాడు దొరకడు. వార్డుకొకరికి గౌరవవేతనం, ఒక తోపుడుబండి, పార్కుల్లో రాలిన ఆకుల మీద హక్కు ఇస్తే చాలు.

అసలు అనర్థం అప్పుడు మొదలవుతుందని మీరంటారు, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఉత్త నోటితోనే ఇంత చేసే మనిషి మెడలో గుర్తింపు కార్డు వేలాడితే ఆపగలమా? మునిసిపల్ మీటింగులో కమిషనరుగారి టీ కప్పు పక్కన గుప్పెడు ఎరువు పెట్టి వాసన చూడమంటారు. వాడేసిన టీపొడి ఎటు పోతోందని ఆరా తీస్తారు. అది కమిషనరుగారు పడాల్సిన బాధ. మనకి లాభమేమిటంటే, ఆ కాసేపయినా ఆయన లిఫ్టులో ఉండరు.